బయటి గోడల మీద పురుగుల గూళ్లు, బూజు: రంగు ఊడకుండా తీయడం ఎలా?

తూర్పుగోడ
సజ్జ కింద, కిటికీ మూలల్లో రకరకాల గూళ్లు అతుక్కుని ఉన్నాయి. కొన్ని బూడిదరంగులో చదునుగా గింజల్లా, కొన్ని తెల్లటి బిళ్లల్లా, ఇంకొన్ని గోధుమరంగులో నూగుతో ఉన్నాయి. చుట్టూ దుమ్ము పట్టిన సాలెగూళ్ల బూజు. చీపురుతో గీకితే గూడు సగం ఊడి సగం గోడకే ఉండిపోతోంది, గీకిన చోట నల్లటి చార మిగులుతోంది. రెండు చోట్ల గూటితోపాటు రంగు పెచ్చు కూడా లేచింది. గోడకు మ్యాట్ (మెరుపు లేని) ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రంగు, ఒక పక్క టెక్స్చర్ (గరుకు పూత). ప్రెషర్ వాషర్ పెట్టొచ్చా? ముందుగా పురుగుల మందు కొట్టాలా?

పురుగులబడి
చెయ్యి పెట్టేముందు ఏది ఏ గూడో చూసుకోండి. తీసే పద్ధతి దాన్నిబట్టే మారుతుంది.

బూడిదరంగు గింజలాంటిది ఒక చిన్న చిమ్మట జాతి లార్వా (పిల్లపురుగు) మోసుకు తిరిగే సంచి. సుమారు అరంగుళం ఉంటుంది. నడుమ వెడల్పు, రెండు కొసలూ సన్నం, రెండు వైపులా చీలిక. కదలకుండా కాసేపు చూస్తే ఒక కొస నుంచి చిన్న తల బయటికొచ్చి, గోడను పట్టుకుని సంచిని ఈడ్చుకుంటూ పోతుంది. దారి మూసుకుపోతే లోపలే వెనక్కి తిరిగి రెండో కొస నుంచి వస్తుంది. పట్టుపోగుల మీద ఇసుక రేణువులు, దుమ్ము, నూలు పీచు అంటించుకుని ఆ సంచి కడుతుంది. దాని తిండి పాత బూజు, చచ్చిన పురుగులు, రాలిన వెంట్రుకలు. అంటే మీ గోడ మీది బూజు ఊరికే మురికి కాదు, ఆ పురుగుకు అన్నం.

తెల్లటి బిళ్లలు సాలీడు గుడ్ల సంచులు. కాగితం ముక్కను జిగురు పెట్టి అద్దినట్టుంటాయి. ఒక్కోదానిలో పదుల నుంచి వందల దాకా గుడ్లుంటాయి, జాతినిబట్టి. గట్టిగా, నున్నగా, గుండ్రంగా పెంకుతో ఉంటే అది బల్లి గుడ్డు, దాని జోలికి పోవద్దు.

నూగుతో ఉన్న గోధుమరంగువి గొంగళి పురుగుల గూళ్లు. వాటి గురించి కింద విడిగా రాస్తాను. అప్పటిదాకా ముట్టుకోకండి, పొడి చీపురు అసలే తగిలించకండి.

పుల్లలు, ఎండుటాకు ముక్కలు కట్టగట్టినట్టు వేలాడేవి కనిపిస్తే అవి సంచి పురుగులు. పైకొసన పట్టుతో చుట్టిన మెడ ఉంటుంది. ఆ పట్టు చాలా గట్టిది, లాగితే తెగదు, రంగే ఊడుతుంది. మెడ దగ్గర చిన్న కత్తెరతో కోసి, గోడకు మిగిలిన ఉంగరాన్ని తర్వాత నానబెట్టి తీయాలి. ఈ జాతుల్లో చాలావాటికి ఆడపురుగుకు రెక్కలుండవు. సంచిలోనే గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. కాబట్టి ఎండిపోయినట్టున్న సంచిని గోడ కింద పడేసి వదిలేస్తే పని సగమే అయినట్టు.

సున్నంబకెట్
తూర్పుగోడ గారూ, ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: బూజు పొడిగా తీయాలి, గూడు తడిపి తీయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బూజు మీద నీళ్లు కొట్టి, గూటిని పొడిగా గీకుతారు. చారలూ పెచ్చులూ వచ్చేది అందుకే.

బూజు తడిస్తే ముద్దయి గోడ గరుకులో కూరుకుపోతుంది. దానిలో ఉన్న దుమ్ము బురదవుతుంది. ఆ మీదట తోమితే ఆ బురదను రంగులోకి రుద్దినట్టే. మీ నల్లచార అదే. పొడి బూజును బూజు కర్రతో కూడా ఈడ్వకూడదు. కర్రను గోడకు ఆనీ ఆనకుండా పట్టుకుని చేతుల మధ్య తిప్పాలి, నూలు చుట్టినట్టు పోగులన్నీ కర్రకు చుట్టుకుంటాయి. రెండు మూడు గజాలకోసారి కర్ర తల దులపాలి, లేకపోతే తీసిన బూజునే మళ్లీ గోడకు పూస్తుంటాం. మూలలకు బ్రష్ ముక్కు ఉన్న వాక్యూమ్ అన్నిటికన్నా శుభ్రం.

గూటి సంగతి వేరు. చిమ్మట జాతి పురుగుల పట్టుపోగులో లోపల ఫైబ్రోయిన్ అనే దారం, దాని మీద సెరిసిన్ అనే జిగురు పూత ఉంటాయి. గోడకు పట్టుకునేది ఆ జిగురే. ఎండితే గాజులా బిగుస్తుంది, వేడినీళ్లు, సబ్బు తగిలితే మెత్తబడుతుంది. పట్టుకాయల్ని వేడినీళ్లలో వేసి దారం తీసేది కూడా ఈ గుణం వల్లే.

ఇక పని. 5 లీటర్ల వేడినీళ్లు, చెయ్యి పెట్టగలిగినంత వేడి. దానిలో 2 టేబుల్ స్పూన్ల గిన్నెల లిక్విడ్ సబ్బు. పాత నూలుగుడ్డను నాలుగు మడతలు వేసి ముంచి, నీళ్లు కారనంతగా పిండి, గూటి మీద 5 నుంచి 10 నిమిషాలు అదిమి ఉంచండి. చేతికందని చోట స్ప్రే సీసాతో 3 నిమిషాలకోసారి మూడు సార్లు తడపండి. తర్వాత ప్లాస్టిక్ పుట్టీ బ్లేడు తీసుకోండి. దాని రెండు మూలలూ సాండ్‌పేపర్‌తో గుండ్రం చేసుకోవాలి, పదునైన మూలే రంగును తవ్వేది. బ్లేడును గోడకు దాదాపు ఆనించినంత వాలుగా పట్టి, ముందు గూటి అంచు చుట్టూ తిప్పండి, ఆ తర్వాతే అడుగుకు దూర్చండి. ఒకవైపు నుంచి పట్టి లాగితే జిగురు ఇంకా వదలని వైపు పెచ్చు లేస్తుంది. బ్లేడు దూరకపోతే ఇంకో 5 నిమిషాలు నానబెట్టండి, బలం పెంచకండి.

ఊడాక మిగిలే పల్చని వలయాన్ని అదే నీళ్లతో, మెత్తటి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తోమి, మంచినీళ్లతో కడగండి. ఎండ నేరుగా పడే గోడ మీద ఈ పని పెట్టుకోవద్దు. సబ్బు నీళ్లు ఆరిపోయి మరకలవుతాయి.

నిచ్చెనమెట్టు
వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి కొడితే బూజు పోతుంది, సాలీళ్లు కూడా రావు అంటారు కదా? బ్లీచ్ అయితే గూడు కరిగిపోతుందని కూడా విన్నాను.

సున్నంబకెట్
రెండూ వద్దండీ. సున్నం వేసిన గోడ, సిమెంటు పెయింటు, సిమెంటు ప్లాస్టరు, పాలరాయి, సున్నపురాయి, వీటన్నిటినీ ఆమ్లం తింటుంది. వెనిగర్ పడిన చోట గోడ గరుకై, ఆ గరుకులో దుమ్మూ బూజూ ఇంకా బాగా నిలుస్తాయి. పట్టు జిగురును మెత్తబరిచేది సబ్బు, సోడా లాంటి క్షారాలు. ఆమ్లంతో మనకొచ్చే లాభం లేదు.

బ్లీచ్ గురించి విన్నది నిజమే. దానిలోని హైపోక్లోరైట్ పట్టును కరిగిస్తుంది. కానీ రంగును వెలిసిపోయేలా చేస్తుంది, కిటికీ ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, కింద మొక్కల మీద పడితే ఆకులు మాడతాయి. గూడున్న చోట తెల్లటి మచ్చ మిగిలితే ఆ మచ్చను దాచడానికి గోడంతా రంగు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, బ్లీచ్‌నూ వెనిగర్‌నూ ఒకే గోడ మీద ఒకదాని వెంట ఒకటి వాడకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్‌తో బ్లీచ్ కలిసినా విషవాయువే.

తూర్పుగోడ
పద్ధతి అర్థమైంది. ఇప్పటికే రుద్దేసిన నల్లచారలు పోతాయా? మ్యాజిక్ స్పాంజ్ వాడితే?

రంగులపెట్టె
స్పాంజ్ వద్దు. అది నిజానికి చాలా సన్నని సాండ్‌పేపర్ లాంటిది. మ్యాట్ రంగు మీద రుద్దితే మరక పోతుంది గానీ అక్కడ మెరుపు వస్తుంది, సాయంత్రం పక్కవాటుగా వెలుగు పడినప్పుడు ఆ మెరుపు మరకకన్నా ఎక్కువ కనిపిస్తుంది. తిరిగి మ్యాట్ చేసే దారి లేదు, రంగు వేయడమే.

చారకు రెండు దారులున్నాయి. మొదటిది, లీటరు గోరువెచ్చని నీటికి ఒక టీస్పూన్ వాషింగ్ సోడా. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, తడిగుడ్డతో 5 నిమిషాలు అద్ది, మెత్తటి బ్రష్‌తో తోమి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. సరిగ్గా కడగకపోతే ఆరాక తెల్లటి పొడి తేలుతుంది. రెండోది, ఎంజైమ్ ఉన్న బట్టల డిటర్జెంట్. వాటిలో ప్రోటీన్‌ను తునకలు చేసే ఎంజైమ్ ఉంటుంది, పట్టు ప్రోటీనే కాబట్టి పనిచేస్తుంది. కానీ దానికి సమయం కావాలి. 15 నుంచి 20 నిమిషాలు తడి ఆరకుండా చూసుకోవాలి. నీళ్లు మరిగించి కలిపితే ఎంజైమ్ చచ్చిపోతుంది, గోరువెచ్చగా ఉంటే చాలు.

ఏది వాడినా ముందు కనపడని మూలలో అరచేతి అంత చోట వేసి, పూర్తిగా ఆరేదాకా ఆగి రంగు మారిందేమో చూడండి. రంగు వేసి నెల కూడా కాని గోడైతే తోమనే తోమకండి. పైకి ఆరినట్టున్నా ఎమల్షన్ గట్టిపడటానికి 3, 4 వారాలు పడుతుంది.

పెచ్చు లేచిన సంగతి. ఆరిన గోడను అరచేత్తో రాయండి. చేతికి తెల్లటి పొడి అంటితే రంగు ముసలిదైపోయిందని అర్థం. అంటుకునే బలం దానికి లేదు, గూడు కాకపోతే టేపు ముక్క అయినా ఊడదీస్తుంది. అలాంటి గోడ మీద ఎంత జాగ్రత్తగా తీసినా కొంత రంగు పోతుంది. లేచిన చోట అంచులు 220 నంబర్ సాండ్‌పేపర్‌తో వాలుగా కలిపి, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి, ఆ మీద రంగు రెండు పూతలు వేయండి. ప్రైమర్ లేకుండా నేరుగా వేస్తే ఆ మచ్చ ఎప్పటికీ వేరే ఛాయలో కనబడుతుంది.

నీళ్లపైపు
ప్రెషర్ వాషర్ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. వాడొచ్చు, కానీ అన్ని గూళ్లూ, బూజూ చేత్తో తీసేశాక, చివరి కడుగుడుకు మాత్రమే. రంగు వేసిన గోడకు 1,200 నుంచి 1,500 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) దాటొద్దు. ధార వెడల్పుగా విచ్చుకునే 40 డిగ్రీల ముక్కు పెట్టండి, ధార ఒక్కచోటే పడే 0 డిగ్రీల ముక్కును గోడవైపు తిప్పనే వద్దు. గోడకు కనీసం అడుగున్నర దూరంలో మొదలుపెట్టి చూసుకుంటూ దగ్గరికి రండి. ధార ఎప్పుడూ కిందికి వాలుగా పడాలి. పైకి కొడితే సజ్జ కింద బీటల్లోకి, కిటికీ ఫ్రేము సందుల్లోకి నీళ్లు పోతాయి, వారం తర్వాత లోపలి గోడ మీద చెమ్మ కనిపిస్తుంది. బయటి లైట్లు, స్విచ్చులు, మీటరు ఉన్న వైపు వద్దు. కరెంటు ఆపినా ఆ డబ్బాల్లోకి నీళ్లు పోవడం మంచిది కాదు.

ఇక ప్రెషర్ వాషర్‌తోనే గూళ్లు ఊడగొట్టాలనుకునేవాళ్లకు. గూటిని ఊడగొట్టేంత బలం ఉంటే పాత రంగు కూడా ఊడుతుంది. సాలీడు గుడ్ల సంచి పగిలితే గుడ్లూ పిల్లలూ గోడంతా చెల్లాచెదురవుతాయి. గొంగళి గూడైతే నూగంతా తుంపరతోపాటు మీ ముఖం మీదికే వస్తుంది.

ఇంకొకటి. సబ్బు నీళ్లు గోడకు కింది నుంచి పైకి పట్టించండి, కడిగేటప్పుడు పైనుంచి కిందికి కడగండి. పొడిగోడ మీద మురికినీళ్లు జారితే ఆ దారులు మరకలైపోతాయి. ముందే తడిసి ఉన్న గోడ మీద జారితే మరక పట్టదు.

పురుగులబడి
గొంగళి గూళ్ల గురించి రాస్తానన్నాను. ఈ చర్చలో ఇది ఒక్కటి చదివినా చాలు.

కొన్ని జాతుల గొంగళి పురుగులు గూడు కట్టుకునేటప్పుడు ఒంటిమీది నూగును పట్టులోకే కలిపి నేస్తాయి. పురుగు చిమ్మటై ఎగిరిపోయి నెలలు గడిచినా ఆ నూగుకు దురద పుట్టించే గుణం పోదు. పొడిగా గీకితే అది గాల్లోకి లేస్తుంది. ఒంటిమీద పడితే దద్దుర్లు, పీలిస్తే దగ్గూ ఆయాసమూ, కంట్లో పడితే గుచ్చుకుని లోపలికి పోగలదు.

పూర్తి చేతుల చొక్కా, చేతులకు మందపాటి రబ్బరు తొడుగులు, పక్కలు కూడా మూసుకునే కళ్లజోడు, ఎన్95 మాస్కు, ఇవన్నీ వేసుకున్నాకే మొదలుపెట్టండి. గాలి వీస్తుంటే ఆ రోజు వదిలేయండి. చిమ్మే సీసాతో సబ్బు నీళ్లు మెల్లగా, దూరం నుంచి మంచులా పడేలా చేసి గూడు పూర్తిగా నానేదాకా తడపండి. పట్టు నీటిని మొదట తోసేస్తుంది, సబ్బు ఎక్కువసేపు ఉంటేనే లోపలికి ఇంకుతుంది, కాబట్టి 10 నిమిషాలు ఆగండి. తర్వాత తడి గుడ్డను గూటి మీద కప్పి, గుడ్డతోపాటే అదిమి తీసి, గుడ్డనూ గూటినీ కలిపి సంచిలో వేసి మూతి కట్టండి. ఆ గుడ్డను ఉతికి మళ్లీ వాడొద్దు. పనిలో వేసుకున్న బట్టలు విడిగా వేడినీళ్లతో ఉతకాలి. వీటికి మామూలు వాక్యూమ్ కూడా వద్దు, సన్నని నూగు వెనకవైపు గాలితో బయటికి వచ్చేస్తుంది.

ఒంటికి అంటితే గోకకండి, రుద్దకండి. అంటుకునే టేపును ఆ చోట అద్ది లాగండి, కొత్త ముక్కతో నాలుగైదు సార్లు. తర్వాత సబ్బు నీళ్లతో కడగండి. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఊపిరి ఇబ్బందయినా ఆలస్యం చేయొద్దు.

గోడ పక్కన మునగ చెట్టుంటే దాని మొదలు చూసుకోండి. పగలు మొదలు మీద గుంపులుగా ఉండే గొంగళ్లు గోడ మీదికీ పాకొచ్చు.

ఆకుమడి
మందు ప్రశ్నకు నా జవాబు: వద్దు, కనీసం ముందుగా వద్దు. గూట్లో ఉన్న ప్యూపా (చిమ్మటగా మారుతున్న పురుగు) తినదు, తిరగదు, చుట్టూ పట్టు గోడ. బయట కొట్టిన మందు దానిదాకా చేరేది చాలా తక్కువ. గుడ్ల సంచి కూడా అంతే. సాలీడు కాళ్ల కొనల మీద నడుస్తుంది, ఎక్కువసేపు సొంత గూటి పోగుల మీదే ఉంటుంది కాబట్టి గోడకు కొట్టి ఆరిన మందు దానికి అంటేదే తక్కువ. మందు దెబ్బ తగిలేది తేనెటీగలకూ, కొట్టుకుపోయి చేరే నీటిలో చేపలకూ. సైపర్‌మెత్రిన్ లాంటివి చేపలకు మహా విషం.

తీసిన గూళ్లను (సంచిలో కట్టిన నూగు గూళ్లు కాకుండా) సబ్బు నీళ్ల బకెట్‌లో వేసి, నీళ్ల అడుగునే కర్రతో నలిపి, ఒక రోజు ఉంచితే చాలు. పైన తేలితే లోపల గాలి ఉన్నట్టే, ఇంకా బతికే ఉండొచ్చు. తడిగుడ్డ కప్పి ముంచి ఉంచండి.

తూర్పుగోడ
టెక్స్చర్ గోడకు బ్లేడు పనికిరావడం లేదు. గరుకు ఎత్తుపల్లాల్లో సంచులు ఇరుక్కున్నాయి.

రంగులపెట్టె
అక్కడ బ్లేడు బదులు పాత టూత్‌బ్రష్, వెదురు పుల్ల. నానబెట్టే సమయం రెట్టింపు చేయండి. టెక్స్చర్ గీతలు ఏ వైపు ఉంటే బ్రష్ ఆ వైపే నడవాలి. అడ్డంగా తోమితే శిఖరాల మీది రంగు పోయి తెల్లటి చుక్కలు తేలతాయి. వైర్ బ్రష్ మాత్రం ముట్టుకోకండి, దాని ఇనుప ముక్కలు గరుకులో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలవుతాయి. పూత లేని ఇటుక గోడకూ ఇదే పద్ధతి. సున్నం గోడకు నానబెట్టడమే కష్టం, పూతే మెత్తబడి వస్తుంది. అక్కడ తక్కువ తడిపి తీసి, ఆ చోట పల్చగా సున్నం అద్దేయడమే తేలిక.

కందిరీగ మట్టి గూళ్లు ఉంటే అవి పట్టు కాదు. లోపల పిల్లకు తిండిగా కుట్టి కదలకుండా చేసిన సాలీళ్లనో గొంగళ్లనో నింపి పెడుతుంది. బయటికెళ్లిన రంధ్రాలు కనిపిస్తే ఖాళీ. తడిపితే మట్టి కరిగి జారి గోడకు ఎర్రమరక పడుతుంది, అందుకని దాన్ని పొడిగానే బ్లేడుతో తీసి, మిగిలిన ముద్రను మాత్రం తడిగుడ్డతో తుడవాలి.

నిచ్చెనమెట్టు
నిచ్చెన విషయం చెప్పనివ్వండి. గోడ మీద నిచ్చెన ఆనిన ఎత్తు ప్రతి 4 అడుగులకు, పాదం గోడకు 1 అడుగు దూరం ఉండాలి. ఒక చెయ్యి, రెండు కాళ్లు ఎప్పుడూ నిచ్చెన మీదే. సబ్బు నీళ్లు పడిన మెట్టు జారుతుంది, కాబట్టి బకెట్ పైకి తీసుకెళ్లకండి, స్ప్రే సీసా నడుముకు తగిలించుకోండి. అల్యూమినియం బూజు కర్రను కరెంటు తీగలున్న వైపు లేపొద్దు. అందని ఎత్తుకు ఫైబర్ గ్లాస్ కర్ర తీసుకుని నేల మీద నుంచే చేయడం మేలు.

తూర్పుగోడ
తీసిన తర్వాత మళ్లీ రాకుండా ఏం చేయాలి?

ఆకుమడి
లైటు చూడండి ముందు. తెల్లటి, నీలం పాలు ఎక్కువున్న లైటుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, పాత బూజు కోసం ఆ బూడిదరంగు సంచి మోసే పురుగు వస్తుంది. 2,700 కెల్విన్ (లైటు రంగు కొలత) లేదా అంతకన్నా తక్కువ ఉన్న పసుపు ఎల్‌ఈడీ పెట్టి, మనిషి కదిలినప్పుడే వెలిగే సెన్సర్ కలపండి. లైటును గోడకు కాకుండా కాస్త ఎడంగా స్తంభానికి పెడితే పురుగుల రద్దీ అక్కడికి పోతుంది. మొక్కల కొమ్మలు గోడకు అడుగున్నర దూరంలో ఉండేలా కత్తిరించండి. సందులు అక్రిలిక్ సీలెంట్‌తో పూడ్చండి, కానీ నీళ్లు కారడానికి వదిలిన రంధ్రాలు మూయకండి, వాటికి స్టీలు జాలీ ముక్క పెట్టండి. నెలకోసారి బూజు కర్ర పొడిగా తిప్పితే ఆ బూడిదరంగు పురుగుకు తిండి ఉండదు. గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటే అవి మళ్లీ వస్తాయి, కారే పైపు ముందు బాగుచేయండి.

పురుగులబడి
చివరగా ఒకటి. బియ్యపు గింజలో సగం ఉండే పసుపు లేదా తెల్లటి చిన్న గూళ్లు గుత్తిగా, పక్కనే వాడిపోయిన గొంగళి పురుగుతో కనిపిస్తే అవి తీయకండి. ఆ గొంగళి లోపల పెరిగి బయటికొచ్చిన చిన్న కందిరీగల గూళ్లవి, మీ మొక్కల మీది గొంగళ్లను తగ్గించేవి అవే. ఓ రెండు వారాలు ఆగి, కొసన మూత తెరుచుకున్నట్టు గుండ్రటి కన్నం కనిపించాక, తడిపి తీయండి.